శ్రీరాంపూరులో తొమ్మిది దినములు

ఆడపడుచు బతుకమ్మ పండుగకు పుట్టింటికి వచ్చుట మా తెలంగాణమున వాడుక. గడచిన పండుగకు మా చెల్లెలు రాలేకపోయినది. ఆమె మామగారు సింగరేణి గనులలో ముప్పదియేండ్లకు పైగా కొలువుచేసి విశ్రాంతి పుచ్చుకొన్నవారు. గాలి మారినప్పుడెల్ల ఆయనకు ఆయాసము వచ్చును. ఒక్కొక్కమారు నడిరాత్రి మంచిర్యాల ఆసుపత్రికి కొనిపోవలసియుండును. "బాపును విడిచి ఎట్లొస్తనక్కా" అని చెల్లెలు ఫోనులో కంట తడిపెట్టుకొన్నది. చెల్లెలు రాలేనిచో అక్క పోరాదా యని నేనే కరీంనగరమునుండి శ్రీరాంపూరునకు బయలుదేరితిని.

2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రమున ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు రుసుము లేదు. అందుచేత బస్సునిండ మనవారే. తంగేడుపూల మూటలు ఒడిలో పెట్టుకొని పుట్టిండ్లకు పోవు పిల్లలు, వారిని తోడ్కొనిపోవు తల్లులు. సుల్తానాబాదు, పెద్దపల్లి దాటువరకు ఇరుప్రక్కల వరిపొలములే. బసంతనగరము సిమెంటు కర్మాగారము కనబడినది మొదలు దేశము రూపు మారును. రామగుండము విద్యుత్కేంద్రపు పొగగొట్టములు చాల దూరమునుండియే కానవచ్చును. గోదావరిఖని వీథులు దాటి గోదావరి వంతెన మీదికి వచ్చినప్పుడు బస్సులోని ముసలమ్మలందరు చేతులు జోడించి కన్నులు మూసికొనిరి. ఆవలి యొడ్డున ఇందారము చౌరస్తా. అచ్చటినుండి మంచిర్యాల వైపు తిరిగినచో శ్రీరాంపూరు.

ఈ యూరిని చూడవచ్చువారు గుడికొఱకో కోటకొఱకో రారు. ఇచ్చటి సంపద భూమిలోపల నున్నది. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గు నుండుట కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనులు త్రవ్వు హక్కు పొందెను. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ యైనది. ఇప్పుడు దానిలో నూటికి 51 వంతులు రాష్ట్ర ప్రభుత్వమువి, 49 వంతులు కేంద్ర ప్రభుత్వమువి. ఆ కంపెనీ యొక్క ముఖ్యమైన ఏరియాలలో శ్రీరాంపూరొకటి. గనిని ఇచ్చటివారు 'బాయి' అందురు. మగవాడు ఉద్యోగమునకు పోయెననరు. 'బాయికి పోయిండు' అందురు. వరుసగా కంపెనీ క్వార్టర్లు, వేపచెట్లు, ఉపరితల గనిలోనుండి తీసి పోసిన మట్టి గుట్టలు, రాత్రింబవళ్లు బొగ్గులారీలు. ఉదయము ఆరవేసిన తెల్లచీరను సాయంకాలము మడత పెట్టబోయినచో వ్రేళ్లకు సన్నని నలుపు అంటును. తులసియాకులను కూడ తుడిచి పూజచేయువారిని ఇచ్చటనే చూచితిని.

నేను దిగిననాడు అమావాస్య, ఎంగిలిపూల బతుకమ్మ. గునుగుపూలకొఱకు ఊరిబయటికి పోవుదమని చెల్లెలు కారు తాళపుచెవి త్రిప్పినది. టక్కుటక్కుమని చప్పుడు వచ్చి ఊరకున్నది. మరల త్రిప్పినచో ఆ చప్పుడును లేదు. ఎదుటి యద్దము క్రింది దీపములు మిణుకుమిణుకుమని ఆరిపోయెను.

"బ్యాటరీ మళ్ల దిగింది" అని చెల్లెలు తల స్టీరింగుపై ఆనించినది.

సోదరీమణులు దీనిని స్వల్పవిషయమని తలంపవలదు. ఆ యింటిలో కారు నడుపునది ఆమెయే. మరిది రాత్రి షిఫ్టునకు బాయిలో నున్నప్పుడు ముసలాయనకు ఊపిరాడకున్న ఆసుపత్రికి కొనిపోవునది ఆమెయే. మేనెలలో నొకరాత్రి ఇట్లే కారు కదలక, ఆటోకొఱకు వీథిలో అరగంట నిలువబడవలసివచ్చెనట. అప్పుడే మరిది పాత బ్యాటరీ నిచ్చివేసి అయిదువేల చిల్లర పెట్టి క్రొత్తది వేయించెను. అది అయిదు మాసములు తిరుగకముందే మూడుమారులు దిగెను. అమ్మిన యంగడివాడు, "బ్యాటరీ మంచిదే, వాడుకలనే తప్పున్నది" అని పంపివేసెను. మరిది మంచివాడే కాని ఆ మాటను పట్టుకొనెను.

"మీ చెల్లె బడికి నాలుగు కిలోమీటర్లు తిప్పుతది, ఆపుతది వదినె. బ్యాటరీ నిండేటందుకు సందెక్కడ? అమ్మేసి ఆటో మాట్లాడుకుందమంటే వినది."

చెల్లెలు మారుపలుకలేదు. ఆమె కారు నేర్చుకొనుటకు ఎంత పోరాడెనో నేనెరుగుదును.

అరుగుమీద కుర్చీలో కూర్చున్న మామయ్య అంతయు వినుచుండిరి. ఆయన గనిలో బొగ్గు కొట్టినవారు కారు. ల్యాంపు రూములో పనిచేసినవారు. ల్యాంపు రూమనగా నేమో నాకు ఆనాడే తెలిసినది. బొగ్గు పొరలనుండి మీథేను వాయువు వెలువడును. అది గాలితో కలిసి నిప్పుసోకినచో ప్రేలును. కావుననే 1815లో హంఫ్రీ డేవీ గనులకొఱకు మంటచుట్టును సన్నని తీగజల్లెడ గల దీపమును కల్పించెను. తరువాత విద్యుద్దీపములు వచ్చినవి. టోపీకి దీపము, నడుముపట్టీకి సీసపు బ్యాటరీ, రెంటికి నడుమ తీగ. ఇప్పుడు తేలికయైన లిథియము దీపములు వచ్చినవి గాని, మామయ్య కాలమున నాలుగు వోల్టుల సీసపు బ్యాటరీలే. ప్రతి కార్మికునకు తన నంబరు దీపముండును. దిగునప్పుడు పుచ్చుకొని, ఎక్కి వచ్చి అప్పగింపవలెను. అప్పగింపని దీపమున్నదనగా మనిషి యింకను లోపలనున్నాడని అర్థము. ఎనిమిదిగంటల షిఫ్టులో నడుమ దీపము ఆరినచో ఆ చీకటి ఎట్టిదో పైనున్న మనకు ఊహకందదు.

1952 గనుల చట్టము ప్రకారము స్త్రీలు భూగర్భ గనులలో పనిచేయరాదని యుండెను. 2019లో కేంద్రప్రభుత్వము ఆ కట్టు కొంత సడలించి, వ్రాతమూలకముగ సమ్మతించిన స్త్రీలను పగటివేళ సాంకేతిక, పర్యవేక్షణాది పనులకు లోపల నియోగింపవచ్చుననెను. మామయ్య ఈ సంగతి చెప్పి, "మా కాలంల ఆడబిడ్డకు ల్యాంపు నంబరు ఇచ్చే ముచ్చటే లేకుండె" అనిరి.

తరువాత నావైపు తిరిగి ఇట్లనిరి. "బిడ్డా, దీపం ఆరితే దీపాన్ని తిట్టద్దు. మూడే సంగతులు చూడాలె. నింపుతున్నమా లేదా? నింపింది నిలుస్తున్నదా లేదా? నిలిచిందాన్ని ఎవడన్న తాగుతున్నడా?"

కుండలో నీరు తరిగినచో మనమును ఇంతకంటె వేరుగ ఆలోచింపము గదా! బోరు పోయలేదా, కుండ చెమ్మగిల్లుచున్నదా, పిల్లలు ముంచుకొన్నారా యని చూతుము. వెంటనే క్రొత్తకుండ కొనుటకు పరుగెత్తము. కాని కారు విషయమున ఆ అయిదువేలు అట్లే పోయెను.

"ఏ తారీఖులల్ల దిగిందో రాసి పెట్టినవా?" అని ఆయన కోడలిని అడిగిరి. ఆమె వంటయింటి గోడనున్న క్యాలెండరును తెచ్చినది. పాలలెక్క, గ్యాసుబండ వచ్చిన దినము, బియ్యము తెచ్చిన దినము, వానితోపాటు ఎఱ్ఱసిరాతో బ్యాటరీ దిగిన దినములు. మామయ్య కండ్లద్దములు పెట్టుకొని ఆ కాగితములను చాలసేపు త్రిప్పిరి. మేనెల, బడి సెలవులు. ఆగస్టున నాలుగు దినముల ముసురు, బడి మూసిరి. వినాయకచవితి సెలవులు. ఇప్పుడు దసరా సెలవులు. కారు తిరిగినంతకాలము కదలినది. రెండు మూడు దినములు నిలిచినప్పుడే చచ్చినది.

"కోడలు తిప్పినప్పుడు మంచిగనే ఉన్నదిరా. తిప్పనప్పుడే పోతున్నది" అని కుమారునితో అనిరి. మరిది క్యాలెండరును తీసికొని చూచెను. ఏమియు ననలేదు.

మరునాడు బ్యాటరీని విప్పి అంగడిలో రాత్రియంతయు చార్జింగు పెట్టించితిమి. నేను మంచిర్యాలలో ఏడువందల రూపాయలకు మల్టీమీటరు కొంటిని. ఇది అరచేయంత పెట్టె. ఎఱ్ఱతీగ, నల్లతీగ యుండును. కారు బ్యాటరీ యనునది కూడ కొరుకుడుపడని వస్తువేమియు కాదు. 1859లో గాస్టన్ ప్లాంటే యను ఫ్రెంచివాడు సీసపు పలకలను గంధకామ్లమున ముంచి దీనిని మొదట చేసెను. నేటికిని మూలము అదియే. ఒకే పెట్టెలో ఆరు గదులుండును. గదికి రెండు వోల్టులపై కొంచెము. నిండినప్పుడు మొత్తము 12.6 వోల్టులు. 12.2 చూపినచో సగము ఖర్చైనదనియు, 12కు దిగువనున్నచో దాదాపు అడుగంటినదనియు అర్థము. చూచుటకు అర వోల్టు కూడ లేని భేదము సగము బ్యాటరీ! శక్తి వ్యయమగుకొలది పలకలపై సీసపు గంధకితము పేరుకొనును. చార్జి చేసినచో అది మరల కరగిపోవును. కాని దిగిన బ్యాటరీని దినములతరబడి అట్లే విడిచినచో ఆ పేరుకొన్నది గట్టిపడి ఇక కరగదు. అనగా మాటిమాటికి దిగుటయే మంచి బ్యాటరీకి చావు. మేనెలలో ఇచ్చివేసిన పాత బ్యాటరీ నిజముగ పాతబడియే పోయెనో, మరియొకటి దానిని చంపెనో యని నాకప్పుడు మొదటిమారు అనుమానము కలిగెను.

బ్యాటరీని తాకుటకు ముందు ఒక జాగ్రత్త. లోహపు గాజులు, ఉంగరములు, పొడవైన గొలుసులు తీసివేయవలెను. అవి రెండు ధ్రువములకు ఒక్కసారిగ తగిలినచో క్షణములో ఎఱ్ఱగాకాలి చేయి కాల్చును. విప్పునప్పుడు ఋణధ్రువపు నల్లతీగను ముందు, బిగించునప్పుడు దానిని చివర. చార్జి యగునప్పుడు హైడ్రోజను వాయువు వెలువడును గనుక దాపున అగరువత్తి కూడ వెలిగింపరాదు.

మొదటి ప్రశ్న, నింపుచున్నదా? ఇంజను నడచుచుండగ బ్యాటరీకి మీటరు పెట్టితిమి. 14.1 వోల్టులు. దీపములు, ఫ్యాను వేసినను 13.8కి దిగలేదు. ఇంజనుతోపాటు తిరిగి విద్యుత్తు పుట్టించు ఆల్టర్నేటరు తన పని చేయుచున్నదని తేలెను. ఇంజను నడచుచున్నను మీటరు 12లోనే యున్నచో తప్పు అచ్చట వెదకవలెను.

రెండవ ప్రశ్నకు ఓపిక కావలెను. నిండిన బ్యాటరీకి నల్లతీగ విప్పివేసి రాత్రి విడిచితిమి. ఏ తీగయు లేనప్పుడు దానిని త్రాగువాడు లేడు గదా! తెల్లవారి చూడగా 12.65 ఉండినది 12.63. తీగ బిగించి ఇంజను త్రిప్పుచుండగ చూచితిమి, 10.4 వద్ద నిలిచెను. ఆ సమయమున తొమ్మిదిన్నరకు దిగువకు పడినచో బ్యాటరీ బలహీనమని లెక్క. ఇది బలముగనే యున్నది. కుండ చెమ్మగిల్లుటలేదు.

అయినను, బ్యాటరీపైన బొగ్గుధూళి నల్లని పొరగా కట్టియుండెను. నల్లతీగను ఋణధ్రువమున నుంచి, ఎఱ్ఱతీగను ఏ ధ్రువమునకు తాకింపక కేవలము ఆ ధూళిపై నానించితిని. మీటరు రెండు వోల్టులు చూపెను! ఆమ్లపు చెమ్మతో కలిసిన మురికి సన్నని దారివలె పనిచేయును. దానిపై విద్యుత్తు ఒక ధ్రువమునుండి మరియొకదానికి ప్రాకుచుండును. దొరికెను దొంగ యని నేను కేకవేసితిని. గోరువెచ్చని నీట వంటసోడా కలిపి, గుడ్డ ముంచి పెట్టెను తుడిచితిమి. ధ్రువములపై పూచిన పచ్చతెలుపు పొడి బుసబుస పొంగి పోయెను. ఆరిన తరువాత అదే చోట మీటరు సున్న చూపెను. శ్రీరాంపూరు బొగ్గే శ్రీరాంపూరు కారును చంపినదని నేనొక కథ కూడ మనసున అల్లుకొంటిని. ఆ సాయంకాలము అందరికంటె బిగ్గరగ పాటలు పాడినదాననునేనే.

మామయ్య మాత్రము, "ఆ పొర తాగేది చెంచాడు బిడ్డా, బిందె కాదు" అనిరి. నేను వినిపించుకొనలేదు.

నాలుగవనాడు, అయిదవనాడు కారు కదలలేదు. ఆరవనాడు బతుకమ్మను పేర్చరు. అలిగిన బతుకమ్మ యందురు. ఆనాడుదయము మీటరు పెట్టగా 12.1. కారు కూడ అలిగెను. చెల్లెలు ముఖము చూడలేక నేను వంటయింటిలోనికి పోతిని.

మనసు కుదుటపడుటకు మధ్యాహ్నమైనది. ఇక మిగిలినది మూడవ ప్రశ్న యొకటే. సాయంకాలము పూలపని లేదు గనుక అందరము కారుచుట్టు చేరితిమి. మరిది కూడ వచ్చి నిలిచెను.

త్రాగువానిని పట్టుటకు మీటరును వేరువిధముగ పెట్టవలెను. నల్లతీగను బ్యాటరీనుండి విప్పి, ఆ తీగకును ఋణధ్రువమునకును నడుమ మీటరును వంతెనవలె నిలుపవలెను. ఎఱ్ఱతీగను పెట్టెపై 10 ఆంపియర్లని వ్రాసిన రంధ్రమునకు మార్చవలెను. అప్పుడు కారులోనికి పోవు ప్రతి బొట్టును మీటరు గుండ పోవును. ఈ స్థితిలో పొరపాటున కూడ ఇంజను త్రిప్పరాదు; అంత ధార మీటరు భరింపలేదు. తాళపుచెవిని దూరముగ ఇంటిలో పెట్టితిమి. ముందుతలుపు తెరచి యుంచి, దాని గొళ్లెమును స్క్రూడ్రైవరుతో నొక్కి తలుపు మూసినట్లు కారును నమ్మించితిమి. లేనిచో దీపము వెలిగి లెక్క తప్పును. డిక్కీని మాత్రము ఎప్పటివలెనే మూసితిమి.

మొదట రెండు ఆంపియర్లకు పైగా చూపెను. చెల్లెలు అదరిపడినది. కాని నేటి కార్లలోని చిన్న చిన్న యంత్రములు నిద్రపోవుటకు కొంతసేపు పట్టును. టీ త్రాగి అరగంట యాగితిమి. అంకె దిగి దిగి 0.44 వద్ద నిలిచెను. గడియారమునకు, తాళపు కావలికి కొంచెము ఖర్చు తప్పదు, అది 0.05 లోపలనే యుండవలెను. ఇది దానికి దాదాపు తొమ్మిదింతలు.

మామయ్య వ్రేళ్లపై లెక్కకట్టిరి. బ్యాటరీ 35 ఆంపియరు గంటలది. గంటకు 0.44 చొప్పున పోయినచో రోజునకు పదిన్నర. మూడుదినములపై కొన్ని గంటలకు పూర్తిగ ఖాళీ. సగము తగ్గినప్పటినుండియే ఇంజను త్రిప్పుటకు తడబడును. "క్యాలెండర్ల ఉన్నది ఇదే" అనిరి. బడిదినములలో దినదినము పోయినదానిలో కొంత మరల నిండుచుండెను. సెలవు రాగానే నింపువారు లేక అడుగంటుచుండెను. మరిది చెప్పిన చిన్న ప్రయాణముల మాటయు పూర్తిగ అబద్ధము కాదు. ఎక్కువదూరము నడచియున్నచో ఈ తెగులు ఇంకను చాలకాలము దాగియుండెడిది.

ఇక ఫ్యూజులు ఒక్కొక్కటియే తీసి చూచుట. మరిది తీయుచుండెను, చెల్లెలు అంకె చదువుచుండెను. పాటలపెట్టెది తీసినను 0.44. హారనుది తీసినను అంతే. తొమ్మిదవదో పదవదో తీయగనే అంకె 0.02కు పడెను. కారులోపలి దీపముల ఫ్యూజు అది. కాని కారులో దీపమేదియు వెలుగుటలేదు. అందరము అద్దములగుండ తొంగిచూచితిమి, చీకటి.

"డిక్కీల లైటు?" అని చెల్లెలి కూతురు అడిగెను. పదునొకండేండ్ల పిల్ల.

"మూస్తే ఆరదా?" అని మరిది.

"మూసినంక ఆరిందో లేదో ఎవరు చూసిన్రు నాన్నా?"

ఆ మాటకు ఎవ్వరివద్దను సమాధానము లేదు. పిల్ల ఫ్యూజును మరల పెట్టించి, నా ఫోనులో వీడియో తెరచి డిక్కీలో నుంచి మూత వేసినది. రెండు నిమిషములకు తీసి చూచితిమి. మూత దిగుట, తాళము పడిన చప్పుడు, ఆ తరువాత కూడ తెల్లగ, నిశ్చలముగ వెలుగుచున్న చిన్న దీపము. అయిదు వాట్ల బుడ్డి. పండ్రెండు వోల్టులపై అయిదు వాట్లనగా 0.42 ఆంపియరు, మీటరులో తగ్గినదియు సరిగ్గ అంతయే.

మూత పైకి మూసినట్లే కనబడుచున్నను గొళ్లెము సగమే పడుచుండెను. దీపమునార్పు మీట ఆ గొళ్లెములోనే యున్నది. క్యాలెండరులో ఏప్రిలునెల కాగితము త్రిప్పగా 'బియ్యం 3 బస్తాలు' అని చెల్లెలి వ్రాత. ఆనాడు మూడు బస్తాలు డిక్కీలో కుక్కి, మూతను బలముగ అదిమి మూసిన సంగతి మరిదికే మొదట జ్ఞాపకము వచ్చెను.

ఆయన చాలసేపు ఊరకుండి, "బియ్యం నేనే తెచ్చిన" అనెను. చెల్లెలు నవ్వలేదు, కోపపడలేదు. ఫోనులోని ఆ వీడియోను మరియొకమారు వేసి చూచినది.

ఏడవనాడు వీథిచివరి మెకానిక్కు వచ్చి, గొళ్లెము పడు కొక్కెమును రెండు మరలు వదులుచేసి కొంచెము జరిపి బిగించెను. పావుగంట పని, నూరు రూపాయలు పుచ్చుకొనెను. అతడు పోవుచు, ఇట్లే తలుపు దీపము, గ్లవుపెట్టె దీపము, ఎవరో తగిలించిన పాటలపెట్టె తీగ, అంటుకొనిపోయిన రిలే, చెడిన ఆల్టర్నేటరు కూడ రహస్యముగ త్రాగుననియు, తన వద్దకు వచ్చువారు మాత్రము ముందు బ్యాటరీయే మార్చమందురనియు చెప్పెను.

కార్లకు మొదట సెల్ఫు లేదు. ముందున్న ఇనుపపిడిని త్రిప్పి ఇంజనును లేపవలసియుండెను. అది ఎదురుతిరిగినచో మణికట్టు విరుగుచుండెను. 1912లో చార్లెస్ కెట్టరింగు కల్పించిన విద్యుత్తు సెల్ఫు కాడిలాక్ కార్లలో వచ్చిన తరువాతనే స్త్రీలు ఒంటరిగ కారు తీయుట సులభమైనది. అనగా ఆడువారి చేతికి కారు వచ్చుటలో ఈ సీసపు పెట్టెకు చాల పాలున్నది. మనదేశమున అది దూరపు వస్తువు కూడ కాదు. తిరుపతి దాపున కరకంబాడిలో 1985లో వెలసిన అమరరాజా సంస్థ నేడు పేరెన్నికగన్న బ్యాటరీ తయారీసంస్థలలో నొకటి. పనికిరాని బ్యాటరీని చెత్తబండికి గాని, పాతయినుము కొనువానికి గాని ఇయ్యక అమ్మిన యంగడికే తిరిగి యియ్యవలెను. దానిలోని సీసము చిన్నపిల్లల మెదడునకు విషము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు కూడ వానిని తిరిగి సేకరించు బాధ్యతను తయారుచేయువారిపై నుంచినవి.

ఏడవనాటి సాయంకాలమునుండి కారును కదలింపక విడిచితిమి. మధ్యలో నేనొకమారు మీటరు పెట్టబోగా మామయ్య వారించిరి. షిఫ్టు ముగియకముందు దీపము లెక్క చూడరట.

తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మ. శ్రీరాంపూరు వాకిళ్లన్నియు పూలే. ముత్యమంత పసుపు గుమ్మడిపూవు నడుమ పెట్టి, నువ్వులసద్ది, పెరుగుసద్ది, చింతపండు పులిహోర మూటలు కట్టితిమి. అన్నిటికంటె ముందు చెల్లెలు కొంగు బిగించి, గాజులు తీసి, బానెట్టు ఎత్తి మీటరు పెట్టినది. మామయ్య అరుగుమీదనుండి, "ఎంత?" అనిరి.

"పన్నెండు పాయింటు ఆరు, బాపూ."

ఆయన తలయూచి, రాత్రినుండి పట్టియుంచిన దగ్గును అప్పుడు దగ్గుకొనిరి. ఆ సెల్ఫు చప్పుడు విని ప్రక్క క్వార్టరులోని ఆమె కూడ వాకిటికి వచ్చి చూచినది. మరిది నా చెవిలో, "రాత్రి డ్యూటీ పడ్డా ఇగ రంది లేదు వదినె" అనెను. పెండ్లామునకు వినబడునట్లే అనెను.

బతుకమ్మలను డిక్కీలో జాగ్రత్తగ నిలిపితిమి. మూతవేయబోవునంతలో పిల్ల మరల నా ఫోను లాగికొని పూలనడుమ దూర్చినది. చెరువుగట్టున దిగిన తరువాత ఆ వీడియోను అందరము గుమిగూడి చూచితిమి. మూత దిగినది మొదలు చివరివరకు తెరపై నలుపు తప్ప మరేమియు లేదు; గోతులలో కారు ఊగినప్పుడెల్ల తంగేడుపూలు ఒండొంటి నొరసికొను చప్పుడు మాత్రము వినవచ్చెను.